గ్రామఫోను స్ప్రింగు మార్చుట

పాత పెట్టె గ్రామఫోనుకు కీ ఇచ్చి, రికార్డుపై ముల్లు ఆన్చినప్పుడు పాట మొదట చక్కగానే వినవచ్చును. రెండు నిమిషములు గడచునప్పటికి గాయకుని గొంతు మెల్లమెల్లగా దిగజారును, తాళము సాగును, చివరకు ఒక మూలుగుతో పళ్ళెము నిలిచిపోవును. మరికొన్ని పెట్టెలలో పాట నడుమ లోపలినుండి ఎవరో పిడికిటితో గ్రుద్దినట్లు చప్పుడు వినిపించి, ముల్లు అదరును. ఇంకొకచోట కీ ఇచ్చుచుండగా లోపల ఫట్టుమని శబ్దమగును. అటుపిమ్మట హ్యాండిలు ఎంత త్రిప్పినను బిగియదు.

ఈ మూడును తరచుగా స్ప్రింగునకు సంబంధించిన జబ్బులే. అయితే మూడింటికిని మందు ఒకటి కాదు. పాత స్ప్రింగు తీసివేసి, దొరికిన వానిలో మిక్కిలి బలమైన దానిని వేసినచో సరిపోవునని పలువురు తలచుచుందురు. ఈ తలంపు సరికాదు. గ్రామఫోను స్ప్రింగు విషయములో బలముకన్న కొలత ముఖ్యము. అది ఏల అట్లయినదో తెలిసికొన్నవానికి స్ప్రింగు మార్చు పని సులభమగును. వ్రేళ్ళకు గాయము కాకుండ కూడ ఉండును.

చేతితో త్రిప్పిన రోజులు

ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫులో తగరపు రేకు చుట్టిన స్తంభమును చేతితోనే త్రిప్పవలసి యుండెను. స్తంభమునకు బదులు పళ్ళెము వంటి రికార్డును వాడు గ్రామఫోనుకు ఎమిలీ బెర్లినర్ 1887లో పేటెంటు పొందెను. ఆయన తొలి యంత్రములను కూడ చేతితోనే త్రిప్పెడివారు. మనిషి చేయి ఎంత నేర్పుగలదైనను ఒకే వేగముతో తిరుగదు. చేయి తొందరపడినపుడు పాట శ్రుతి పెరుగును, అలసినపుడు తగ్గును. అందువలన గ్రామఫోను చాలకాలము వింత వస్తువుగానే ఉండెను గాని సంగీత సాధనము కాలేదు.

ఈ కొరతను తీర్చినవాడు అమెరికాలోని కామ్డెన్ పట్టణములో యంత్రముల కర్మాగారము నడపుచుండిన ఎల్డ్రిడ్జ్ జాన్సన్. ఆయన 1896లో బెర్లినర్ గ్రామఫోనుకు తగిన స్ప్రింగు మోటారును తయారుచేసెను. గడియారములలో ఎప్పటినుండియో ఉన్న చుట్ట స్ప్రింగును ఆయన పాటకు పనికివచ్చునట్లు మలచెను. 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీని స్థాపించినదియు ఈయనయే.

మన దేశములో గౌహర్ జాన్ పాటలను 1902లో కలకత్తాలో రికార్డు చేసిరి. 1928లో డండంలో గ్రామఫోన్ కంపెనీ పెద్ద కర్మాగారము నెలకొల్పబడెను. 1931లో ఇంగ్లండులో వెలువడిన హెచ్.ఎం.వి. 102 వంటి చేతిపెట్టెలు మన దేశములోను విరివిగా వ్యాపించెను. విద్యుత్తు లేని పల్లెలలో నాటక పద్యములు, హరికథలు వినుటకు ఈ స్ప్రింగు పెట్టెయే ఆధారము. ఇప్పుడు అటకలమీదినుండి దిగుచున్నవి ఆ పెట్టెలే.

స్ప్రింగులో దాగిన పని

మోటారు పలకను పైకెత్తి చూచినచో గుండ్రని లోహపు డబ్బా ఒకటి కనిపించును. స్ప్రింగు దీనిలోపల ఉండును. అది పదును పట్టించిన ఉక్కుపట్టీ. సాధారణముగా సుమారు అంగుళము వెడల్పు, అర మిల్లీమీటరునకు కొంచెము మించిన మందము, కొన్ని మీటర్ల పొడవు ఉండును. దాని బయటికొనకు ఒక రంధ్రము కలదు. అది డబ్బా గోడకున్న కొక్కెమునకు తగులుకొనును. లోపలికొన నడుమనున్న ఇరుసు కొక్కెమునకు తగులుకొనును. కొన్ని మోటార్లలో కీ ఇచ్చునపుడు ఇరుసు తిరిగి, పాడునపుడు డబ్బా తిరుగును. మరికొన్నింట ఇది తారుమారుగా ఉండును. ఏ ఏర్పాటైనను, కీ ఇచ్చినపుడు గోడనంటియున్న పట్టీ ఇరుసుచుట్టు బిగియును. పాడునపుడు మరల గోడవైపునకు సాగిపోవును.

ఇందులో ఎంత పని నిలువయుండునో ఒక లెక్క వేసి చూతము. హ్యాండిలు పొడవు 10 సెంటీమీటర్లు అనుకొందము. దానిని త్రిప్పుటకు సగటున అరకిలో బరువంత బలము కావలెననియు, 40 చుట్లు త్రిప్పితిమనియు అనుకొందము. ఒక్క చుట్టులో చేయి సుమారు 63 సెంటీమీటర్లు నడచును. 40 చుట్లలో 25 మీటర్లు నడచును. అనగా మనము చేసిన పని పన్నెండున్నర కిలోల బరువును మీటరు ఎత్తునకు లేపుటకు సమానము. రాపిడివలన కొంత పోగా, మిగిలినదంతయు స్ప్రింగులో దాగియుండును.

ఈ పని నాలుగు నిమిషములలో కొంచెము కొంచెముగా వెలికివచ్చినచో అది పాట. అరక్షణములో ఒక్కసారిగా వెలికివచ్చినచో అది ప్రమాదము. శక్తి రెండింటను ఒక్కటియే. గ్రామఫోను మోటారులోని పళ్ళచక్రములన్నియు ఈ శక్తిని పొదుపుగా ఖర్చుచేయించుటకే ఏర్పడినవి.

వేగమును నిర్ణయించునది ఏది?

స్ప్రింగు బలము ఎల్లప్పుడు ఒకే తీరున ఉండదు. నిండుగా బిగిసినపుడు ఎక్కువగాను, విడిపోవుచుండగా తక్కువగాను ఉండును. అయినను పళ్ళెము నిమిషమునకు 78 సార్లు సమముగా తిరుగవలెను. ఈ సమత్వమును కలిగించునది గవర్నరు.

గవర్నరు వేగముగా తిరుగు సన్నని కడ్డీ. దానిచుట్టు పలుచని పత్తీలకు సాధారణముగా మూడు చిన్న బరువులు బిగింపబడి యుండును. కడ్డీ వేగము పెరిగినకొలది ఈ బరువులు బయటికి ఎగురును. పత్తీలు వంగి, కడ్డీమీద జారు ఒక చిన్న బిళ్ళను తమవైపు లాగును. ఆ బిళ్ళ తోలు లేక ఫెల్టు ముక్కకు ఒరసికొనును. రాపిడి పెరిగి వేగము తగ్గును. వేగము తగ్గినచో బరువులు దిగును, రాపిడియు తగ్గును. పెట్టెపైనున్న వేగపు మీట చేయునదంతయు ఆ తోలుముక్కను ముందుకు వెనుకకు జరుపుటయే.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గవర్నరు వేగమును తగ్గింపగలదు గాని పెంచలేదు. అది అదుపు పెట్టునదే గాని బలమిచ్చునది కాదు. కాబట్టి రికార్డు చివరి గాడివరకు స్ప్రింగులో కావలసినదానికన్న కొంచెము ఎక్కువ బలము మిగిలియుండవలెను. ఆ మిగులును గవర్నరు రాపిడిగా ఖర్చుచేయును. మిగులు అయిపోయిన క్షణమునుండి పాట దిగజారును. స్వరము గట్టిగా పలికిన గాడులలో ముల్లుకు నిరోధము హెచ్చు గనుక, బలహీనమైన మోటారు సరిగా అట్టిచోటనే తడబడును.

ఈ దిగజారుట చిన్న దోషము కాదు. సప్తకములోని పన్నెండు స్వరస్థానములలో ఒకదానికిని తరువాతిదానికిని నడుమ భేదము సుమారు నూటికి ఆరు. పళ్ళెము 78కి బదులు 73½ చుట్లు తిరిగినచో పాట అంతయు ఒక స్వరస్థానము క్రిందికి జారును. వినువాడు ఆ గాయకుని అసలు శ్రుతిని గాని, కాలప్రమాణమును గాని, కంఠపు సహజ గుణమును గాని విననట్లే. చనిపోయినవారి గొంతునకు ఆ రికార్డే మిగిలిన సాక్ష్యమైనపుడు ఈ నష్టము ఎంతటిదో చెప్పనక్కరలేదు.

బలమైన స్ప్రింగు ఏల పనికిరాదు?

మిగులు కావలెనన్నచో మందమైన స్ప్రింగు వేయరాదా అని అడుగవచ్చును. ఉక్కుపట్టీ బిగువు దాని మందముయొక్క ఘనమునుబట్టి పెరుగును. మందము నూటికి పది పెరిగినచో, అదే పొడవుగల పట్టీ అంతే మెలికకు నూటికి 33 వంతులు అధికబలము చూపును. ఆ బలము పళ్ళచక్రముల పండ్లపై పడును, గవర్నరు తోలు త్వరగా అరుగును, కొక్కెములు తెగును. పైగా మందమైన పట్టీ అదే ఇరుసుచుట్టు వంగునపుడు దానిలోని ఒత్తిడి ఎక్కువై త్వరగా విరుగును.

అట్లయిన పొడవైన స్ప్రింగు వేసినచో ఎక్కువసేపు పాడదా? ఇదియు లెక్కకు నిలువదు. లోపలి వ్యాసము 65 మిల్లీమీటర్లు గల డబ్బాను, 20 మిల్లీమీటర్ల ఇరుసును ఉదాహరణముగా తీసికొందము. పట్టీ మందము 0.6 మిల్లీమీటరు. పొడవు రెండున్నర మీటర్లయినచో, విడిపోయి గోడనంటియున్నపుడు దానిలో సుమారు 14 చుట్లు ఉండును. ఇరుసుచుట్టు పూర్తిగా బిగిసినపుడు సుమారు 23½ చుట్లు ఉండును. ఈ రెంటి భేదము, అనగా తొమ్మిదికి కొంచెము మించిన చుట్లు, మనకు పనికివచ్చును. పొడవును 4 మీటర్లకు పెంచినచో ఆ సంఖ్యలు సుమారు 25½, 32½ అగును. భేదము ఏడుకూడ ఉండదు! డబ్బానిండ ఉక్కు చేరుటచే అది తిరుగుటకు చోటు లేకపోవుటయే దీనికి కారణము.

ఈ లెక్కనుండి గడియారపు పనివారికి చిరకాలముగా తెలిసిన సూత్రము తేలుచున్నది. ఇరుసునకును గోడకును నడుమనున్న స్థలములో సరిగా సగమును ఉక్కు ఆక్రమించి, సగము ఖాళీగా ఉన్నపుడే చుట్లు గరిష్ఠమగును. పై ఉదాహరణములోని రెండున్నర మీటర్లు సరిగా అట్టి కొలతయే. మోటారు చేసినవారు బలమును, చుట్లను రెంటిని చూచుకొని తమ డబ్బాకు తగిన పట్టీని నిర్ణయించియుందురు. కావున పాత స్ప్రింగు కొలతయే క్రొత్తదానికి ప్రమాణము.

మార్చుటకు ముందు

మొదట జబ్బును గుర్తింపవలెను. గ్రుద్దినట్లు చప్పుడగుచున్నచో స్ప్రింగు చెడలేదు. దానికి పూసిన గ్రీజు ఏండ్ల తరబడి ఎండి జిగురువలె మారినది. చుట్లు ఒకదానికొకటి అంటుకొని, ఒక్కసారిగా జారుచున్నవి. పాత గ్రీజు కడిగి, క్రొత్తది పూసిన చాలును. పాట దిగజారుచున్నచో ముందుగా ఇరుసుల రంధ్రములలో ఎండిన నూనెను తుడిచి చూడవలెను. హ్యాండిలు బిగియక ఊరక తిరుగుచున్నచో స్ప్రింగు విరిగియుండును, లేదా కొన కొక్కెమునుండి ఊడియుండును.

ఉక్కు విరుగుట చాలవరకు అలసటవలన జరుగును. వేలసార్లు వంగి సాగిన పట్టీలో, తుప్పు తిన్న చిన్న గుంటవద్దనో రంధ్రపు అంచునో పగులు మొదలై క్రమముగా పెరుగును. అందుచేతనే విరుపు తరచు ఇరుసు దగ్గర, వంపు అధికముగా ఉన్నచోట, లేక కొనల రంధ్రములవద్ద కనిపించును. బయటికొనలో కొద్ది అంగుళములు మాత్రమే విరిగినచో, ఆ కొనను మాత్రము ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లార్చి మెత్తబరచి, క్రొత్త రంధ్రము చేసి వాడుకొనవచ్చును. నడుమ విరిగినదానిని రివెట్లతో అతుకుట తగదు. అతుకు దగ్గర చుట్లు ఒత్తుకొని మరల విరుగును.

విప్పు విధము

కంటి అద్దములు, మందమైన తోలు చేతితొడుగులు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. పిల్లలను దగ్గర ఉంచుకొనరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన నియమమొకటి కలదు: స్ప్రింగులో బిగువు ఉండగా గవర్నరును గాని, ఏ పళ్ళచక్రమును గాని విప్పరాదు. గవర్నరు తొలగినచో నాలుగు నిమిషముల శక్తి క్షణములో విడుదలయై, చక్రములు పిచ్చిగా తిరిగి పండ్లు రాలిపోవును. కాబట్టి బ్రేకు వదలి, మోటారు తనంత తాను నిలుచువరకు తిరుగనీయవలెను. నిలిచినంత మాత్రమున బిగువు పూర్తిగా పోయినట్లు కాదు. హ్యాండిలును గట్టిగా పట్టుకొని, వెనుకకు తిరుగకుండ ఆపు కొక్కెమును ఎత్తి, మిగిలిన చుట్లను చేతిలోనే మెల్లగా వెనుకకు వదలవలెను. జామ్ అయి తిరుగని మోటారుకు ఇది మరింత అవసరము.

తరువాత డబ్బాను బయటికి తీసి, మూత విప్పి, స్ప్రింగు ఏ దిక్కునకు చుట్టియున్నదో కాగితముపై బొమ్మ వేసికొనవలెను. ఇరుసును వెనుకకు కొంచెము త్రిప్పినచో కొక్కెము వదలి బయటికి వచ్చును.

ఇప్పుడు మరియొక జాగ్రత్త. కీ లేకపోయినను డబ్బాలోని స్ప్రింగు విశ్రాంతిలో లేదు. డబ్బా గోడ దానిని అణచిపట్టియున్నది. డబ్బాను గోనెసంచిలో లేక లోతైన బాల్చీలో ఉంచుకొని, నడిమి చుట్టును పట్టుకారుతో పట్టి, మరొక అరచేతితో మిగిలిన చుట్లను అదిమి ఉంచి, ఒక్కొక్క చుట్టునే వెలికి తీయవలెను. తొందరపడినచో చుట్లన్నియు ఒక్కసారిగా ఎగిరి చేతిని కోయగలవు.

బయటికి వచ్చిన స్ప్రింగే తన ఆరోగ్యమును చెప్పును. బాగున్నది డబ్బాకన్న అనేకరెట్లు వెడల్పుగా విచ్చుకొనును. విచ్చుకొనక చిన్న చుట్టగానే పడియున్నచో అది సత్తువ కోల్పోయినది; విరుగకున్నను మార్చవలెను.

క్రొత్త స్ప్రింగు

పాతదాని వెడల్పును, పొడవును టేపుతోను, మందమును మైక్రోమీటరుతోను కొలువవలెను. మందము విషయములో మిల్లీమీటరులో ఇరువదవ వంతు తేడాయైనను లెక్కలోనిదే. రెండు కొనల రంధ్రముల ఆకారమును గమనింపవలెను. ఇట్టి స్ప్రింగులను క్రొత్తగా చేసి అమ్మువారు నేటికిని కలరు. పొడవులో కొద్ది భేదమున్నను నడచును గాని, వెడల్పు హెచ్చినచో మూత పట్టదు. మందము హెచ్చినచో పైన చెప్పిన ఇక్కట్లు తప్పవు.

డబ్బాను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, లోపలి కొక్కెము వదులైనదేమో చూడవలెను. స్ప్రింగునకు గ్రాఫైటు కలిపిన గ్రీజును పలుచగా పూయవలెను, ముద్దలుగా పెట్టరాదు. పిమ్మట డబ్బాను గుడ్డ చుట్టి వైసులో బిగించి, బయటికొనను గోడ కొక్కెమునకు తగిలించి, బొమ్మలోని దిక్కునకే ఒక్కొక్క చుట్టుగా లోనికి త్రోయవలెను. ఎక్కిన చుట్లను ఒక బొటనవ్రేలితో అదిమి ఉంచుట మరువరాదు. చివరి చుట్లు కష్టముగా ఎక్కును. చేయి అలసినపుడు ఎక్కిన చుట్లు జారకుండ అదిమిపట్టి నిలువవలెనే గాని విడువరాదు. ఇద్దరు కలిసి చేసినచో మేలు.

ఆపైన ఇరుసును చొప్పించి, దాని కొక్కెము లోపలికొన రంధ్రములో పడునట్లు త్రిప్పవలెను. నడిమి చుట్టు ఇరుసును కౌగిలించుకొనినట్లు ఉండవలెను. వదులుగా ఉన్నచో కొక్కెము పట్టక జారును. మూత వేసి, మోటారును కూర్చి, ఇరుసుల రంధ్రములకు చుక్క చుక్క పలుచని నూనెయు, గవర్నరు తోలుకు ఒక చుక్కయు వేయవలెను. మొదటిసారి పది చుట్లు మాత్రమే కీ ఇచ్చి తిరుగనీయవలెను. రెండు మూడు మార్లు ఇట్లు చేసిన పిమ్మటనే నిండుగా ఇయ్యవలెను.

వేగమును సరిచూచుట

రికార్డు అంచున చిన్న కాగితము పెట్టి నిమిషములో ఎన్నిసార్లు తిరిగినదో లెక్కించుట సులభమైన పద్ధతి. కాని ముల్లు ఆన్చి, పాట నడచుచుండగానే లెక్కింపవలెను. ఇంకను నిక్కమైన పద్ధతి చారల బిళ్ళ. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక నియాన్ దీపము సెకనుకు 100 మార్లు, అనగా నిమిషమునకు 6000 మార్లు మినుకుమనును. సమముగా 77 చారలు గీచిన గుండ్రని కాగితమును పళ్ళెముపై ఉంచినచో, వేగము 6000ను 77తో భాగించినంత, అనగా 77.92 ఉన్నపుడు చారలు కదలక నిలిచినట్లు కనిపించును. వేగము తగ్గినచో చారలు వెనుకకును, పెరిగినచో ముందుకును జరుగును. 1925కు పూర్వపు కొన్ని రికార్డులు 78కి అటునిటు వేగములలో చేయబడినవి; అట్టివానికి శ్రుతి తెలిసినవారి చెవియే ప్రమాణము.

పాట మొదటను, చివరి గాడివద్దను చారలు ఒకే తీరున నిలిచియున్నచో పని సరిగా ముగిసినట్లే. వినుట ముగిసిన తరువాత కీ నిండుగా ఉంచి పెట్టెను మూయరాదు. బిగువు దిగువరకు పళ్ళెమును తిరుగనీయవలెను.

పెద్ద పేటలోనుండి దించిన రికార్డు లక్కతో చేసినది. జారి పడినచో పగులును. దానిలోని పాట మాత్రము పాడినవారి శ్రుతిలోనే నేటికిని ఉన్నది. దానిని అదే శ్రుతిలో మరల వినిపించుటకు కావలసినది మిక్కిలి బలమైన ఉక్కు కాదు. తన డబ్బాకు సరిపడి, తన బలమును చివరి గాడివరకు మిగుల్చుకొను ఉక్కు.